బొటనవేళ్ల నలుపు

మా ఆఫీసులో నన్ను మురికి మాస్టారు అంటారు. అననీ, నాకేం! పాత రాతప్రతుల్లో అందరూ అక్షరాలు చదువుతారు. నేను పేజీ మూలల్లో పేరుకున్న జిడ్డు చదువుతాను. ఏ పేజీని ఎక్కువమంది పట్టుకుంటే అక్కడ నలుపు ఎక్కువ. ఇందులో నవ్వడానికేముందో నాకిప్పటికీ తెలీదు.

ఏడొందల ఏళ్ల నాటి మేకతోలు పుస్తకం ఒకటి మా దగ్గరుంది. నిండా రాజులూ యుద్ధాలే. ఆ పేజీలు నిన్న కుట్టినట్టుంటాయి. చివర్లో మాత్రం, జ్వరంతో ఉన్న బిడ్డ తలదగ్గర చదివే ప్రార్థన ఒకటుంది. ఆ పేజీ కింది మూల బొగ్గులా నల్లబడింది. జనం తెరిచింది ఆ ఒక్క పేజీనే.

మా పాప కూడా జ్వరంతోనే పోయింది. నడక వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఆ మరక చూసినప్పుడల్లా ఈ ఏడుపు నా ఒక్కడిదే కాదులే అనిపించేది. పండితులకు ఫొటో చూపిస్తే నీడ అన్నారు. "మురికి కూడా సాక్ష్యమేనటండీ!" అని నవ్వుకున్నారు. నలుపును కొలిచే యంత్రం ఇన్నాళ్లకు అరువుగా దొరికింది. సోమవారం వాళ్ల కళ్లముందే కొలిచి చూపిస్తానని పంతం పట్టాను.

శనివారం పొద్దున సబ్బుతో చేతులు కడుక్కుని పుస్తకం కోసం వెళ్లాను. చేతులు కడగందే మా గదిలో పుస్తకం ముట్టనివ్వరు. పుస్తకాలు బాగుచేసే బల్ల దగ్గర మా బావమరిది నిలబడి ఉన్నాడు. వాడికి ఆ ఉద్యోగం వేయించింది నేనే.

"బావా, కళ్లు మూసుకో."

"పొద్దున్నే ఏంట్రా నీ వేషాలు? పుస్తకం ఇలా తే."

"ఇదిగో, చూడు! పాలలా లేదూ?"

ప్రార్థన పేజీ కింది మూల తెల్లగా ఉంది.

"ఇక్కడి నలుపేదిరా?"

"అదా! ఓ పట్టాన వదల్లేదు బావా. రబ్బరు పొడితో రుద్ది, తడి దూదితో అద్ది, మొత్తం లాగేశాను."

"ఆ దూదేది?"

"చెత్తబండిలో వేసేశా. ఏం?"

"ఎవడు చేయమన్నాడ్రా నిన్ను?"

వాడి మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. "సోమవారం పెద్దవాళ్లొస్తున్నారుగా. నిన్ను మళ్లీ మురికి మాస్టారంటే నేనూరుకోలేను. అయినా, ఈ పేజీ చూస్తే నీకు పాప గుర్తొస్తుందని అక్క చెప్పింది బావా. పాప పేజీ మురిగ్గా ఉండటమేంటని..."

కొంప ముంచావు కదరా అని అరవబోయాను. ఆ రోజు పాపను భుజాన వేసుకుని ఆసుపత్రి మెట్లు పరుగున ఎక్కినవాడు వీడే. వీణ్ణి ఏమని తిట్టను?

"బాగుందిరా," అన్నాను.

వాడు సంబరంగా టీ తేవడానికి వెళ్లాడు. ఇక సోమవారం కొలవడానికేమీ లేదు. అది పోతే పోయింది. ఇన్నాళ్లూ నాతోపాటు ఏడ్చినవాళ్లంతా చెత్తబండిలో వెళ్లిపోయారు. ఇక నేనొక్కణ్ణే.

నా బొటనవేలు ఆ మూల మీద పెట్టి గట్టిగా నొక్కాను. తీసి చూశాను. ఏమీ అంటలేదు. కడుక్కున్న చేతులు కదా.