రాళ్ల మడుగుకు కాపలా

కోడలికి అత్తగారి మీద కోపం రావడం కొత్తేమీ కాదు గానీ, సముద్రం ఒడ్డున రావడం మాత్రం అదే మొదలు.

ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. వాటిలో ఏ జీవులున్నాయో గుర్తుపట్టి చెప్పడం కోడలి ఉద్యోగం. మోకాళ్లు చెక్కుకుపోయేలా వెతగ్గా వెతగ్గా ఒక మడుగులో చట్టం కాపాడే అరుదైన చిప్పలేని నత్త కనబడింది. గోరంత నీలం ఒళ్లు, చుట్టూ నారింజ అంచు. ఇక్కడ అది బతుకుతోందని రుజువైతే ఆ రాళ్ల మీద కట్టబోయే గోడ ఆగిపోతుంది. లేదంటే మడుగులన్నీ కాంక్రీటు కింద సమాధి. ఫొటోలు పంపితే, ఎక్కడ తీశారో ఎవరికి తెలుసంటూ పై ఆఫీసు తిప్పికొట్టింది. తనిఖీ అధికారి కళ్లారా చూడాలట. లేదా తనిఖీ రోజే చూసిన ఇంకో మనిషి చెప్పాలట. కోడలి మాట ఒక్కటే చెల్లదట. చాకిరీ చేసినవాళ్ల మాట చెల్లకపోతే ఇంకెవరి మాట చెల్లుతుందో ఆ దేవుడికే తెలియాలి!

తనిఖీ రోజు పొద్దున నత్త ఉన్నచోటే ఉంది. కోడలి ప్రాణం కుదుటపడింది. ఇంతలో అధికారి దారి తప్పానని ఫోన్ చేశాడు. తోడొచ్చిన అత్తగారిని మడుగు పక్కన కూర్చోబెట్టి, "కుక్కలూ పిల్లలూ దిగకుండా చూడండి అత్తయ్యా, అంతే" అని చెప్పి కోడలు రోడ్డు మీదికి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి మడుగు తోమిన గిన్నెలా ఉంది. నక్షత్ర చేపలు లేవు, పీతలు లేవు, నత్త లేదు. నడుం దాకా తడిసిన అత్తగారు ఖాళీ టిఫిన్ డబ్బాతో ఎదురొచ్చింది.

"అన్నిటినీ గట్టెక్కించానే అమ్మాయ్! నీళ్లు పోయి పాపం ఇక్కడ చిక్కుకుపోయాయి. డబ్బాలో పట్టి సముద్రంలో వదిలేశా. నారింజ అంచున్న నీలం పురుగైతే ఎంత ముద్దుగా ఉందో!"

కంచే చేను మేసిందంటే ఇదే. కోడలికి ఒళ్లు మండిపోయింది.

"అవి చిక్కుకోలేదు, అక్కడే కాపురముంటున్నాయి! వాటిని ముట్టుకోవడం నేరం, తెలుసా? మిమ్మల్ని కాదు, మిమ్మల్ని కాపలా పెట్టిన నన్ను అనాలి!"

అత్తగారి మొహం పాలిపోయింది. వెనక, పాచి రాళ్ల మీద జారుతూ లేస్తూ అధికారి వస్తున్నాడు.

"ఖాళీగా ఉందే," అన్నాడు వంగి చూసి.

అప్పుడు తట్టింది కోడలికి. ఈ రోజు చూసిన రెండో మనిషి పక్కనే ఉంది కదా!

"మా అత్తయ్య చూశారండీ. ఇందాకే. అడగండి."

అధికారి మంచివాడే. పెన్ను తీసి నెమ్మదిగా అడిగాడు. "ఏం చూశారో చెప్పండమ్మా. మీ మాట రాసుకుంటాను, చాలు."

అత్తగారు పెన్ను వైపు చూసింది. కోడలి ఎర్రబడ్డ మొహం వైపు చూసింది. డబ్బా వెనక్కి దాచుకుంది.

"నీళ్లు తప్ప ఏం లేవు బాబూ. నేను ఇక్కడే కూర్చున్నా."

"అత్తయ్యా! నిజం చెప్పండి. మిమ్మల్నెవరూ ఏమీ అనరు!"

"నిజమే చెప్తున్నా. మా కోడలు కూడా ఏదీ ముట్టుకోలేదు. ఒట్టు!"

కోడలు బతిమాలింది, గదమాయించింది, చేతులు పట్టుకుంది. బతిమాలేకొద్దీ అత్తగారు బిగుసుకుపోయింది. చివరికి అధికారే అడ్డుపడ్డాడు. "ఇక వద్దు మేడమ్. ఇప్పుడావిడ ఏం చెప్పినా మీరు నేర్పి చెప్పించినట్టే అవుతుంది." ఏమీ కనబడలేదని రాసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

కోడలు రాయి మీద కూలబడింది. అధికారి కనుమరుగయ్యేదాకా ఆగి, అత్తగారు దగ్గరికి జరిగి, చెవిలో గుసగుసగా అంది.

"భయపడకే పిచ్చిదానా. ఎన్ని రకాలుగా అడిగినా నీ మీదికి మాట రానిచ్చానా?"