అనంతగిరి మలుపులో తెల్లచీర

చివరి మనిషి ఇంకా కొండ మలుపులోనే ఉండగా, చివరి మనిషి దాటిపోయిందని కాగితం మీద రాసిన చేయి ఎవరిది? ఆలిస్ పరుగుపందెం నిర్వాహకులకు మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

రెండువేల పన్నెండు, ఆగస్టు మొదటి ఆదివారం. ఏడాదిపాటు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ చుట్టూ కలిసి పరుగెత్తిన ముగ్గురు స్నేహితురాళ్లు ఆ ఉదయం అనంతగిరి కొండల్లో హాఫ్ మారథాన్‌కు నిలబడ్డారు. ఆలిస్ తిరుమలగిరి వాసి, పదవీ విరమణ చేసిన లైబ్రేరియన్. జ్ఞానమణి ఆమె వీధిలోనే ఉండే లెక్కల టీచరు. పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధితో కాపురం చేస్తున్న మనిషి. బన్సీలాల్‌పేట్‌లో కుట్టుమిషన్ల దుకాణం నడిపే శ్యామలమ్మ ముగ్గురిలో చిన్నది, వేగం కలది.

జ్ఞానమణి ఎప్పుడూ చీరలోనే పరుగెత్తేది. ఆ రోజు మాత్రం తెల్లచీర. నెలలో మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆరాధన. ఆ రోజు నిద్ర లేచింది మొదలు తెల్లచీరే కట్టాలన్నది ఆమె తల్లి నేర్పిన పద్ధతి. సాయంత్రపు ఆరాధనకు మరో తెల్లచీర సంచిలో ఉంది.

"చర్చిల పెండ్లిపిల్ల లెక్కున్నవక్కా! పెండ్లికొడుకేడి?" అంది శ్యామలమ్మ.

"కొండపైన ఎదురుచూస్తున్నాడు. నువ్వు నడు ముందు!"

శ్యామలమ్మ నిజంగానే ముందుకు వెళ్లిపోయింది. మిగిలిన ఇద్దరూ పక్కపక్కనే సాగారు. వానకు కడిగిన అడవి, లోయలో పాకుతున్న మబ్బు, ఎర్రమట్టి వాసన. చినుకులు పడగానే జ్ఞానమణి కొంగు తలమీదుగా కప్పుకుంది. రొమ్ముమీద గుచ్చుకున్న పందెం నంబరు ఆ కొంగు కింద మాయమైంది.

పన్నెండో కిలోమీటరు దగ్గర ఆమె అంది: "నువ్వు పద ఆలిసూ. నాకోసం నీ వేగం చెడగొట్టుకోకు."

ఆలిస్ మాట విన్నది. అలా విన్నందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పదహారో కిలోమీటరు దగ్గర మెడలో ఈల వేసుకున్న నడివయసు మనిషి నీళ్ల బల్ల మడుస్తున్నాడు.

"పందెం ముగియడానికి ఇంకా గంట పైగా గడువుందని మీరు అచ్చువేసిన కాగితమే చెబుతోంది," అంది ఆలిస్.

"మీరే లాస్ట్ మేడమ్. జీపు ఎనక నుంచి చూసుకుంటనే వచ్చింది."

"నా వెనక తెల్లచీర కట్టుకున్నామె ఉంది."

"దారిల కూసున్నామెనా?" అతడు నవ్వాడు. "గుడికి పోయేటామె అనుకున్నడు డ్రైవరు."

కూర్చుందా? జ్ఞానమణి దారిలో కూర్చునే మనిషి కాదు. ఆలిస్‌కు తెల్లవారుజామున కొండకు వస్తూ వ్యానులో జరిగింది కళ్లకు కట్టింది. జ్ఞానమణి చక్కెర వ్యాధి మాత్ర వేసుకుంది. ఇడ్లీ పొట్లం మాత్రం "తర్వాత" అని పక్కన పెట్టింది. సంస్కారం తీసుకునేదాకా ఏమీ తినకూడదు. అది కూడా తల్లి పద్ధతే!

"అరటిపండ్లున్నాయా?"

"ఖతమైనయి."

ఫోనుకు సిగ్నల్ లేదు. జీపు ముందుకు వెళ్లిపోయింది. ఆలిస్ వచ్చినదారినే వెనక్కి తిరిగింది. జ్ఞానమణి కనబడేదాకా రెండు కిలోమీటర్లు ఆమె పరుగెత్తినంత వేగంగా ఆ ఉదయం మరే కిలోమీటరూ పరుగెత్తలేదు.

జ్ఞానమణి మలుపులోని కల్వర్టు గోడకు చేరగిలబడి ఉంది. చెమటతో చీర ఒంటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. "ఏడో తరగతి పేపర్లు దిద్దాలి," అంటోంది ఎవరితోనో. పక్కన ఒక ముసలామె పూజ బుట్టతో గొంతుక్కూర్చుని ఉంది.

"నీ మనిషేనా? నీళ్లు తాపిన. పేరడిగితే లెక్కలు చెప్తుంది."

"చక్కెర పడిపోయిందమ్మా. తియ్యటిదేదైనా ఉందా?"

ముసలామె, లచ్చమ్మ, స్వామికని మోసుకొస్తున్న బెల్లపు ముద్దను బుట్టలోంచి తీసి రాతిమీద కొట్టింది. ముక్క నోటి దగ్గర పెట్టగానే జ్ఞానమణి పెదవులు బిగించింది.

"గుళ్లో పెట్టింది... నేను తినను... ఉపవాసం..."

"ఇంకా పెట్టలే బిడ్డా, ఇంట్లకెల్లి తెచ్చిందే. నోరు తెరు జెర. మా దేవుడు ఆగుతడు. మీ దేవుడు సుత ఆగుతడు. నీ పానం ఆగదు."

జ్ఞానమణి నోరు తెరిచింది. ఆలిస్ ఒక్కొక్క ముక్కే నాలుకమీద పెట్టి, కరిగేదాకా చూసి, ఇంకొకటి పెట్టింది. పది నిమిషాలో, పదిహేనో. వణుకు తగ్గింది. చూపు నిలిచింది.

"నా మణికట్టు విరిచేస్తావా ఏమిటి? వదులు," అంది జ్ఞానమణి, తరగతి గదిలోని గొంతుతో.

ఆలిస్ వదలలేదు. గుండెమీది బండ ఎవరో దించినట్టయి, గోడకు ఆనుకుని పిచ్చిదానిలా నవ్వింది.

అంతలో జీపు వెనక్కి వచ్చింది. డ్రైవరు పక్క సీటులో, పతకం లేని మెడతో, శ్యామలమ్మ. ముగింపు గీత దాటగానే ఆమె వెనక్కి తిరిగి చూసింది; చివరి మనిషి కూడా దాటిపోయిందంటూ జీపు వచ్చినా, ఇద్దరు తక్కువయ్యారని దానికి అడ్డంగా నిలబడింది.

"పతకం తీస్కో అమ్మా అంటరు! నా ఇద్దరిని తెచ్చినంక తీస్కుంటనన్న," అంటూ దూకి, జ్ఞానమణి చెంపలు నిమిరింది. "పెండ్లికొడుకును చూసొచ్చినవా ఏంది?"

"బెల్లం పెట్టి పంపించేశాడే," అంది జ్ఞానమణి.

ఆ సాయంత్రం ఆమె పొడి తెల్లచీర కట్టి సంస్కారానికి వెళ్లింది. పక్కన మోకరించిన ఆలిస్ ప్రార్థనంతా ఆమె వైపే చెవి పెట్టింది. జ్ఞానమణి ఊపిరి వింటూ ఉండిపోయింది. అంతకు మించి ఆమెకు ఆ రోజు ఏమీ అక్కర్లేదు.

గడువు అచ్చువేసి గడువుకు ముందే బల్లలు ఎత్తేవారిని నమ్మకండి. మీరు ముందుగా గీత దాటేవారైతే, పతకానికి మెడ వంచే ముందు వెనక్కి తిరగండి. మీతో వచ్చినవారిని పేరుపేరునా లెక్కపెట్టండి. ఒక్కరు తగ్గినా, వెళ్లి జీపుకు అడ్డంగా నిలబడండి.