ఎనిమిది నానోసెకన్లు

"కేమెరా ఆపీసి కూసున్నావంటే పని లేనట్టే కదేటి. ఈ సేపలు తోమీయ్" అంటూ అత్త కాసులమ్మ అక్కుపల్లి సముద్రతీరం నుంచి తెచ్చిన బుట్టను నా కుర్చీ పక్కన పెట్టి వెళ్లింది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలై పది నిమిషాలయింది.

పలాసలోని ఈ ఇంట్లో నా ఉద్యోగమేమిటో మూడేళ్లుగా ఎవరూ అడగలేదు. బంధువులడిగితే నా భర్త లోకనాథ్ "కంప్యూటర్ పని" అంటాడు. ఎక్కడో దూరదేశపు సముద్రం అడుగున గాజు గోళాలు వరసలుగా వేలాడుతుంటాయి. కంటికి కనిపించని న్యూట్రినో అనే కణం ఎప్పుడైనా నీటిలో ఢీకొంటే పుట్టే సన్నని వెలుగు కోసం అవి కాచుకుంటాయి. అవి పంపే ముడి సంకేతాల్లో మాత్రం మెరిసే జలచరాలు, ఉప్పునీటి రేడియోధార్మికత, యంత్రాల రొద అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందులోంచి అసలు మెరుపులు ఏరి, ఏది ఎప్పుడు పడిందో సరిచూసి, లెక్కకు పనికొచ్చేలా చేసివ్వడం నా పని.

ఏడో వరస గోళాల్లో కణాల దారులు వంకరగా వచ్చేవి. "చెడిపోయింది, ఆ డేటా వదిలేయండి" అన్నారు మా బృందం పెద్ద సోమేశ్వరరావుగారు. నేను వదల్లేదు. పదకొండు నెలలు వెతికాను. ఆ వరస గడియారం ఎనిమిది నానోసెకన్లు వెనకబడి ఉంది. సెకనును వందకోట్ల ముక్కలు చేస్తే అందులో ఎనిమిది. మొన్న మధ్యాహ్నం సరిదిద్దగానే దారులన్నీ తిన్నగా వచ్చాయి. అన్నం వడ్డిస్తూ లోకనాథ్‌కి చెప్పాను.

"అయిపోనాదా? అయితే రేపట్నుంచి ఖాళీయే కదా. అమ్మకి సాయం సెయ్యి" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

పెరట్లో గిన్నెలు తోముకుంటూ "ఎనిమిది" అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను మరి.

ఇప్పుడు తెర మీద సోమేశ్వరరావుగారు నా గ్రాఫే చూపిస్తున్నారు. "మా బృందం కనిపెట్టింది" అన్నారు. నా పేరు లేదు. "కొత్త గడియారాలు అమర్చడానికి ఒకరు నాలుగు నెలలు అక్కడికి వెళ్లాలి. రోజాకి సంసారం ఉంది కాబట్టి మన బృందంలోని పవన్‌ని పంపుదాం."

మైకు తెరిచాను.

"ఆ తప్పు పట్టుకున్నది నేనండి. నేనే వెళ్తాను."

నా గొంతు విని అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మంచిదేనమ్మా" అన్నారాయన మెల్లగా. "మరి ఇంట్లో అడిగారా?"

"అడగనండి" అన్నాను. "చెప్తాను."