పాట అనుకున్నారు

"తాగి లోపల పడుకున్నాడు. మంచుగదిలో తాగి పడుకుంటే ఎవడైనా పోతాడు. మా తప్పేముంది?"

సూపర్‌వైజర్ ఆ మాట అన్నది పోయినాయన భార్య మొహం మీదే. మేమంతా రబ్బరు బూట్లతో చుట్టూ నిలబడి ఉన్నాం. "ఆయన తాగరండీ," అంది ఆమె తెలుగులో. అర్థమైంది నాకొక్కడికే. అయినా నోరు విప్పలేదు. మా పాస్‌పోర్టులన్నీ అతని బీరువాలో ఉన్నాయి.

ఆ చేపల ఫ్యాక్టరీలో తలా ఒక దేశం వాళ్ళం. పని చేయడానికీ తిట్లు అర్థం చేసుకోవడానికీ సరిపడా ఇక్కడి భాష నేర్చుకున్నాం. తెలుగువాళ్ళం ముగ్గురమే. నేనూ, అన్నా వదినా అని నేను పిలిచే ఆ భార్యాభర్తలూ.

మంచుగది తలుపుకు లోపలి పిడి ఎప్పుడో విరిగింది. చెప్పి చెప్పి విసిగిపోయాం. రోజూ షిఫ్టు చివర సూపర్‌వైజర్ బయటినుంచి తలుపు మూసేస్తాడు. ఆ సాయంత్రం లోపల ఎవరున్నారో చూడలేదు. రాత్రికి ఇంటికి రాకపోతే, అన్న లారీతో వెళ్ళాడనుకుంది వదిన. తెల్లారి తెరిచేసరికి అన్న పెట్టెల మధ్య బిగుసుకుపోయి ఉన్నాడు. పోలీసులు వచ్చేలోపే తలుపుకు కొత్త పిడి మెరుస్తోంది. లోపల్నుంచే తలుపు తెరుచుకుని బయటికి రావచ్చట. రాలేదంటే మత్తులో ఉన్నాడట. కేసు మూసేశారు.

వదిన ఏడవలేదు, తినలేదు. "శవంతో పాటు ఆ మాట కూడా ఇంటికెళ్తుంది. అత్తకి ఏం చెప్పను?" అని మాత్రం అడిగింది.

మేమందరం ఉండే మేడలో, మా పక్క గదిలో ఆఫీసులు ఊడ్చే పెద్దమ్మ ఉంటుంది. తన దేశంలో నాటకాలు ఆడిన మనిషి. ఆవిడే అందర్నీ ఉమ్మడి వంటగదిలోకి లాక్కొచ్చింది.

"ఈ పిల్ల ఇలాగే ఉంటే దీన్ని కూడా మోయాల్సి వస్తుంది. వాడు ఎలా ఉండేవాడో తలా కాస్త చేసి చూపించండి. భాష అక్కర్లేదు."

"మోకాళ్ళు పట్టేసినోణ్ణి, నాకు వేషాలేంటే," అంటూనే మంచు కొట్టే ముసలాయన లేచాడు. కుళాయి దగ్గర అన్న బకెట్టు అడ్డం పెట్టి ఎలా వాదించేవాడో చేశాడు. ప్యాకింగ్ ఆవిడ అన్నలా తుమ్మింది, తుమ్మి తనకు తనే "చిరంజీవ" అనుకుంది. ఆ ఒక్క తెలుగు ముక్కా ఆ మేడలో అందరికీ వచ్చు.

"ఇంట్లోనూ అంతే," అంది వదిన. పెదవి కాస్త కదిలింది.

చివర్న పొడుగు లోడర్ లేచాడు. మంచుగదిలో వేళ్ళు కొయ్యబారకుండా అన్న పెట్టెల మీద దరువేస్తూ పాడేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా లోడర్ ఆ పాటలన్నీ చెవితోనే పట్టేశాడు. అన్న పోయాక ఇతను పాడటం ఇదే మొదలు.

"ఆ సాయంత్రం కొత్త పాట పాడాడక్కా. నేను బయట ఆఖరి లారీ నింపుతున్నా. ఈసారి పెట్టెల మీద కాదు, తలుపు మీదే దరువు. బాగుందని నేను కూడా ఇటునుంచి తిరిగి వాయించా. తర్వాత లారీతో వెళ్ళిపోయా."

కళ్ళు మూసుకుని, వంటగది తలుపు మీద దరువేస్తూ ఎత్తుకున్నాడు.

"తల్పు... తియాండ్రా... బాబూ... తల్పు... చచ్చిపో... తారా..."

"ఆపు," అంది వదిన.

అందరూ నావైపు చూశారు. ఇక్కడి భాషలో ఆ మాటల అర్థం నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాను.

లోడర్ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. "నేను తిరిగి వాయించాను కదా," అన్నాడు. "తీస్తున్నానని అనుకుని ఉంటాడు."

అప్పుడు ఏడ్చింది వదిన. ఆ పొడుగు మనిషి ఆమె కాళ్ళ దగ్గర కూలబడితే, అతని తల పట్టుకుని ఏడ్చింది. "నీకు తెలీదు తమ్ముడూ, నీకు తెలీదు," అంటూనే ఉంది.

ఉదయం మేమంతా స్టేషనుకు వెళ్ళాం.

"ఇతనికి ఆ భాష వచ్చా?" అన్నాడు అధికారి.

"రాదు సార్."

"రాని భాషలో ఏం విన్నాడో ఎలా చెప్తాడు? వస్తే అప్పుడే తలుపు తీసేవాడుగా. వెళ్ళండి."

బయట మెట్ల మీదే గొడవైంది. "ఇంక ఊరుకుందాం, ఉన్న కూడు పోతుంది," అంది ప్యాకింగ్ ఆవిడ. ముసలాయన ఆమె మీద లేచాడు. "రేపు ఆ గదిలోకి వెళ్ళేది నువ్వే కదటే."

"వాళ్ళు వినరు. గేటు దగ్గర ఆడదాం. మనవాళ్ళయినా వింటారు," అంది పెద్దమ్మ.

షిఫ్టు మారే వేళ అట్టపెట్టెలతో తలుపు కట్టాం. లోడర్ ఆ పిలుపును ఉన్నదున్నట్టు పిలిచాడు. వదిన పక్కన నిలబడి వచ్చీరాని ఇక్కడి భాషలో అర్థం చెప్పింది. పని దిగేవాళ్ళూ పనికెక్కేవాళ్ళూ ఆగిపోయారు. విన్నది తమ తమ భాషల్లోకి మార్చి పక్కవాళ్ళకు చెప్పారు. ఆ గుసగుస వెనక వరసల దాకా పాకింది. సూపర్‌వైజర్ ఫోను తీశాడు.

పోలీసు వ్యాను వచ్చి లోడర్‌ను ఎక్కించుకుంది. జనాన్ని రెచ్చగొట్టాడట, దేశం నుంచి పంపేస్తారట. మేం అడ్డుపడలేకపోయాం. వదిన వ్యాను వెంట కొంతదూరం పరిగెత్తి ఆగిపోయింది.

"వేడుక అయిందిగా. పదండి లోపలికి," అన్నాడు సూపర్‌వైజర్.

వెళ్ళాం. మంచుగది దాకా వెళ్ళి ఆగాం. ఎవరూ అనుకుని చేసింది కాదు. ముసలాయన మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అతని పక్కన ప్యాకింగ్ ఆవిడ. ఆ తర్వాత అందరం.

"ఏంటిది?"

"ఈ తలుపు ఊడదీయించండి. అన్న తాగలేదని రాయించండి. అప్పటిదాకా ఎవరం ఈ గదిలోకి వెళ్ళం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎవడిదిరా ఈ తెలివి? పేరు చెప్పండి."

తలా ఒక భాషలో జవాబొచ్చింది. అతనికి ఒక్కటీ అర్థం కాలేదు.

కేసులో రాసిన మాట మారలేదు. లోడర్ మంచం ఖాళీ. రేపు మమ్మల్నీ బయటికి తోస్తారేమో, ఆ సంగతి అందరికీ తెలుసు. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. దింపిన పెట్టెల్లో మంచు కరిగి, నీచునీళ్ళు గచ్చు మీద పాకుతున్నాయి. సూపర్‌వైజర్ బూట్లు తడవకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. మేం ఆ నీళ్ళలోనే కూర్చున్నాం.