పిడికిలి చెప్పిన సున్నా

మూడో ఫిర్యాదు మంగళవారం పదిన్నరకు వచ్చింది.

ఫైలు తెచ్చినాయన నాణ్యతా విభాగం అధికారి. ఆఫీసులో అందరికీ స్టాంపు బాబాయి. జేబులో పెన్ను మర్చిపోతాడేమో గానీ రబ్బరు స్టాంపు లేకుండా క్యాంటీనుకైనా వెళ్లడు. ఆ స్టాంపు మీద ఉన్నవి రెండే మాటలు: 'వాడకంలో పొరపాటు'. ఆ మాటలు రాసిచ్చింది ఇప్పుడు ఆయన ఎదురుగా కూర్చున్న ఇంజనీరే.

"సంతకం పడేస్తే దీన్నీ మూసేస్తానమ్మా," అన్నాడు. "చుక్క సరిగ్గా వేసుండరు. మన జనానికి చెంచాతో మందు పోసుకోవడమే రాదు, ఇంక రక్తం చుక్కేం వేస్తారు?"

ఆమె నవ్వి పెన్ను తీసింది. మొదటి రెండు ఫిర్యాదుల్నీ ఇలాగే మూసేశారు. పదకొండేళ్లు ఈ యంత్రానికే ధారపోసిన మనిషి ఆమె. గుప్పెట్లో పట్టే తెల్ల పెట్టె. ఎవరి గుండె వాళ్ల పిడికిలంత ఉంటుందంటారు కాబట్టి దానికి పిడికిలి అని పేరు పెట్టింది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ఒక ప్రోటీను రక్తంలోకి కారుతుంది. వేలి మీద సూది గుచ్చి ఒక్క చుక్క పట్టీ మీద వేస్తే, పన్నెండు నిమిషాల్లో ఆ ప్రోటీను ఉందో లేదో పిడికిలి చెప్పేస్తుంది. ఉంటే అంకె. లేకపోతే సున్నా. నలభై వేల పెట్టెలు ఆసుపత్రుల్లో, అంబులెన్సుల్లో తిరుగుతున్నాయి.

ఒకటి అక్క ఇంట్లోనూ ఉంది. పొద్దున బస్సులో ఉండగా అక్క ఫోన్ చేసింది. అక్కది డ్రైవింగు స్కూలు. కారు ఎక్కితే అరుపులు, దిగితే వెటకారాలు.

"ఏమే డాక్టరు కాని డాక్టరమ్మా, రాత్రి నుంచీ ఎడమ దవడ లాగేస్తోందే. ఆ పాత పన్నే. పదకొండింటికి పీకించేస్తున్నా."

"గుండె కాదు కదా? ఆ నొప్పి ఒక్కోసారి దవడలోకి పాకుతుంది."

"డబ్బా కొంపలో పెట్టుకుని ఆ మాత్రం చూసుకోనా? సున్నా. గుండు సున్నా. నా మీద ఎలాగూ నమ్మకం లేదు, నీ డబ్బా మీదైనా ఉండాలి కదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాటతో ఆమె నిశ్చింతగా ఆఫీసుకొచ్చింది.

పెన్ను కాగితం మీద ఆనబోతుండగా అడుగున చేతిరాత కనిపించింది. 'రెండుసార్లు వేశాను. రెండుసార్లూ చుక్క నిండుగా ఉంది.' అంబులెన్సు నర్సు రాసింది. సంతకం ఆపి ఆ నర్సుకు ఫోన్ కలిపింది.

"తొమ్మిదేళ్లుగా చుక్కలు వేస్తున్నా మేడమ్," అంది నర్సు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పక్క గీత కూడా చక్కగా వచ్చింది, అంటే పట్టీ బాగానే ఉన్నట్టేగా? సున్నా చూసి నేనే చెప్పాను, భయం లేదమ్మా, ఇంటికెళ్లి పడుకోమని. సాయంత్రానికి పోయింది. నలభై నాలుగేళ్లు."

"వేరే జబ్బులేమైనా? మందులు వాడేదా?"

"ఏమీ లేవు. ఇంట్లోవాళ్లు బ్యాగు నా ముందే గుమ్మరించారు. జుట్టు మాత్రల సీసా తప్ప ఏం లేదు. అవును మరి, ఎంత జుట్టో. స్ట్రెచర్ మీంచి కిందికి వేలాడుతుంటే తొక్కుతామేమోనని నేనే ముడేశాను."

"సీసా మీద ఏం రాసుంది?"

"ఫొటో తీశా, ఉండండి... బయోటిన్. పది మిల్లీగ్రాములు."

ఆమె ఆ పేరును ఫైలు అంచున రాసుకుంది.

ప్రయోగశాలలో ఆ మాట ఎవరూ వాడరు. వాళ్ల దగ్గర ఆ పదార్థానికి పేరు జిగురు. "జిగురు అయిపోయింది, తెప్పించండి." "నిన్నటి జిగురు పల్చబడింది." పదకొండేళ్లుగా అదే మాట. ప్రోటీనును పట్టుకునే రేణువులకు ఆ జిగురు పూస్తారు. పట్టీ మీది గీత ఆ జిగురును లాగి అంటించుకుంటుంది. మరి రక్తంలోనే జిగురు నిండి ఉంటే? గీత ముందు దాన్నే అంటించుకుంటుంది. ప్రోటీనుకు చోటు మిగలదు. ఎంత కారినా గీత దాటి కొట్టుకుపోతుంది. పెట్టె మాత్రం సున్నా చూపిస్తుంది.

పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదో ఆమెకు తెలుసు. రక్తం ఇచ్చేవాళ్లకు నియమం పెట్టింది తనే. వారం ముందు నుంచీ ఏ మాత్రా వేసుకోకూడదు. మడి కట్టుకున్నట్టు అంత శుభ్రమైన రక్తం కావాలని పట్టుబట్టింది. అలాంటి రక్తం ఉన్న మనుషులు బయట ఎక్కడున్నారు?

"బాబాయ్, పాత ఫైళ్లు రెండూ ఇవ్వండి."

మొదటిది: మహిళ, యాభై ఒకటి, మందులేమీ లేవు. కింద చిన్న అక్షరాల్లో, 'అందానికి విటమిన్లు'. రెండోది: పురుషుడు, ముప్పై తొమ్మిది, బట్టతలకు ఏవో మాత్రలు. ఆమె సంతకం ఆ అక్షరాలకు సరిగ్గా వేలెడు కింద ఉంది.

"అప్పుడు చదవలేదా అమ్మా?" అన్నాడు బాబాయి మెల్లగా.

"చదివాను. మందులనుకోలేదు."

అనుమానం చాలదు, రుజువు కావాలి. ఫ్రిజ్‌లో ప్రోటీను దండిగా కలిపిన నమూనా రక్తం ఉంది. దాంట్లో ఆ మాత్ర కరిగించి చూడాలి. మాత్ర కోసం రిసెప్షన్‌కు పరుగెత్తింది. అక్కడి అమ్మాయి జడ నడుం దాటి ఉంటుంది.

"నీ దగ్గర జుట్టు మాత్రలున్నాయా?"

"ఉన్నాయి మేడమ్, మీకూ కావాలా?" రిసెప్షనిస్టు మురిసిపోతూ డ్రాయరు లాగింది. "మీ అక్కగారే కదా చెప్పింది నాకు. మొన్న వచ్చినప్పుడు చూపించారు. ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే వేసుకుంటున్నారట. మీకు చెప్పలేదా?"

ఆమె సీసా అందుకుని తలెత్తింది. గోడ గడియారంలో పదకొండుంపావు.

అక్క ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగింది. సీసా బాబాయి చేతిలో పెట్టి, "ఒకటి కరిగించి నమూనాలో కలపమనండి, అంకె ఎంతొచ్చిందో ఫోన్ చెయ్యండి," అని చెప్పి దొరికిన టాక్సీ ఎక్కింది.

పళ్ల ఆసుపత్రి నంబరు దారిలో దొరికింది.

"వెళ్లిపోయారండి," అంది అక్కడి మనిషి తాపీగా. "పన్ను గట్టిగానే ఉందన్నారు డాక్టరుగారు. చెమటలు పడుతుంటే ఎందుకైనా మంచిదని పక్క వీధి ఆసుపత్రికి పంపించారు. ఏం కంగారు పడకండి, వాళ్ల దగ్గర పిడికిలి ఉంది."

టాక్సీ సిగ్నలు దగ్గర ఆగింది. ఎర్ర దీపం కింద అంకెలు తగ్గుతున్నాయి. తొంభై. ఎనభై తొమ్మిది. ఫోన్ మోగింది.

"అమ్మా," అన్నాడు బాబాయి. ఆ గొంతు అంత చిన్నగా పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు. "మాత్ర కలపకముందు నాలుగు వేలు. కలిపాక సున్నా."

"వాడకం ఆపమని అన్ని ఆసుపత్రులకీ పంపించండి. ఇప్పుడే."

"డైరెక్టరు సంతకం..."

"నా సంతకం పెట్టండి. అన్నిటికీ నాదేగా పెట్టారు."

ఎమర్జెన్సీ హాల్లో అక్క మంచం మీద లేదు. బల్ల మీద కూర్చుని ఒక చేత్తో చెప్పులు తొడుక్కుంటోంది. మొహం సున్నం కొట్టినట్టుంది. తెల్లబడ్డ పెదాలతోనే నవ్వింది.

"వచ్చావా? పన్ను పీకించుకునేదానికి కూడా చెల్లెలు తోడు రావాలా? వీళ్లూ వేశారే, సున్నానే. గ్యాసట. ఇంటికెళ్లమన్నారు."

"లేవకు. పడుకో."

"మూడింటికి క్లాసుందే. నేను వెళ్లకపోతే బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియని మహానుభావుడు గోడకి గుద్దుతాడు."

"గుద్దనీ. పడుకో అక్కా."

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. ఆమె చెప్పింది ఓపిగ్గానే విని గోడ వైపు చూపించాడు. "మేడమ్, ఇంట్లో ఒక సున్నా, ఇక్కడ ఒక సున్నా. ఈసీజీలోనూ పెద్ద తేడా లేదు. ఇదిగోండి, కంపెనీవాళ్లే ఇచ్చారు."

గోడ మీద కంపెనీ కాగితం, ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా. 'ఫలితం తప్పు అయితే కారణం ఒక్కటే: వాడకంలో పొరపాటు.'

"మేం పొరపాటు చెయ్యలేదు," అన్నాడు డాక్టరు. "కాబట్టి ఫలితం కరెక్టు."

"అది రాసింది నేనే," అంది ఆమె. "మీరు చుక్క బాగానే వేశారు. అందరూ బాగానే వేశారు. పొరపాటు నాది. నన్ను నమ్మకండి, నా యంత్రాన్ని అసలే నమ్మకండి. ఈసీజీ ఇంకోటి తీయండి, చాలు."

అతను మొదటి ఈసీజీ కాగితం ఇంకోసారి చూశాడు. తర్వాత నర్సును పిలిచాడు.

కాగితం యంత్రంలోంచి మెల్లగా బయటికొచ్చింది. డాక్టరు దాన్ని మొదటిదాని పక్కన పెట్టాడు. రెండోదాంట్లో గీత పైకి లేచి ఉంది. మరుక్షణం మంచం చక్రాలు కదిలాయి, తలుపులు తెరుచుకున్నాయి.

"ఒసేయ్," అంది అక్క పడుకునే ఆమె చెయ్యి పట్టుకుని. గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "సున్నా వచ్చిందిగా?"

ఆమె గుమ్మం దాకా మంచం వెంట నడిచింది. తలుపులు మూసుకున్నాయి.

యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలూ ఆమె ఆ కాగితం కిందే నిలబడింది. గుండె డాక్టరు బయటికొచ్చి మాస్కు దించాడు.

"ప్రధాన రక్తనాళం. దారంత సందు మిగిలింది. తెరిచాం. ప్రాణం నిలబడుతుంది. ఇంటికెళ్లి ఉంటే..." అని ఆపేశాడు.

ఆమె బల్ల మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే హాలు చివర్న చిన్న శబ్దం వినిపించింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. పన్నెండు నిమిషాలు పూర్తయ్యాయని చెప్పే శబ్దం. వందసార్లు మార్చి మార్చి, వినేవాళ్లకు ధైర్యం కలిగేలా ఆమే ఎంచుకున్న శబ్దం.

వాడకం ఆపమన్న కబురు ఇంకా చేరని ఆఖరి మంచం దగ్గర నర్సు తెల్ల పెట్టె చూసి చిరునవ్వు నవ్వింది. "సున్నా అండీ. హాయిగా ఇంటికెళ్లండి."

మంచం మీది ఆవిడకు నలభై ఉంటాయేమో. ఛాతీ రుద్దుకుంటూ లేచింది, భర్త బ్యాగు అందించాడు. ఒత్తైన నల్లటి జడను భుజం మీంచి వెనక్కి వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

ఇంజనీరు పరుగెత్తి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క నిమిషమండీ. మీ జుట్టు చాలా బావుంది. ఏం వాడుతున్నారు?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. బ్యాగు జిప్పు లాగడం మొదలుపెట్టింది.