కెంపమ్మ షెడ్డులో రెండో పంట

చింతామణి బజారులో వెంకటాచలపతి కిరాణా అంగడి పాతది. ఆయన కూతురు అక్షత వ్యవసాయం చదువుతానన్నప్పుడు అవ్వ కన్యకమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మనం ధాన్యం తూకమేసేవాళ్లం గానీ పండించేవాళ్లమా తల్లీ!" అంది.

ఇప్పుడు అక్షత ఒక వ్యవసాయ కళాశాలలో పురుగుల పాఠం చెబుతోంది. ఆఖరి సంవత్సరం విద్యార్థులు చదువులో భాగంగా కొన్నాళ్లు పల్లెల్లో రైతుల ఇళ్లలో ఉండడానికి మూటాముల్లె సర్దుకుంటుంటే, ఆమె మనసు తొమ్మిదేళ్లు వెనక్కి, సాదలి అనే పల్లెకు పోతుంది.

సాదలిలో తనూ, స్నేహితురాలు మేఘా కెంపమ్మ ఇంట్లో దిగారు. కెంపమ్మకు భర్త లేడు. ఎకరా మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు, అవే ఆమె లోకం. మట్టి పరీక్షకని అక్షత సీసా నీళ్లలో మట్టి కలిపి, తేరేదాకా కాచుకుని కూర్చునేది. కెంపమ్మ అంతలోనే పిడికెడు మట్టి పిసికి, "ఎరువు తక్కువైంది, చూడు, ముద్ద నిలవల్యా" అని చేతులు దులుపుకునేది. పొద్దున్నే ఆకు కోత, మధ్యాహ్నం రాగి ముద్ద, ఉలవచారు. అంత ఆకలి అక్షతకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

పక్క చేను ఆదినారాయణప్పది. ఆయన టమాటా ఆకుల్లో పురుగు పడింది. "కాలేజీ అమ్మా, కొంచెం వచ్చి చూడు" అని పిలిచాడు. అక్షత ఆకు చీల్చి, లోపల సొరంగం తొలుస్తున్న సన్నటి పురుగును చూపించి, మందు పేరు, మోతాదు కాగితం మీద రాసిచ్చింది. ఒక పెద్దాయన తన మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆయన మర్నాడు మందు కొట్టాడు. ఆ మర్నాడు కెంపమ్మ ఆయన గట్టు వైపు మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు వేసింది. నాలుగోసారి పొర విడిచిన పురుగులు, ఇంకో వారంలో గూడు కట్టేవి. మధ్యాహ్నానికి తలలు పైకెత్తి ఊగుతూ పచ్చటి నీళ్లు కక్కడం మొదలుపెట్టాయి.

అక్షత ఆకు వాసన చూసింది. తను రాసిచ్చిన మందు వాసన.

"చెప్పొద్దే, మార్కులు పోతాయి" అంది మేఘ.

అక్షత నేరుగా షెడ్డులోకి పోయి చెప్పేసింది. కెంపమ్మ ఊగుతున్న పురుగునొకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది: "గాలి యా పక్కకు తోల్తాండాదో చూసినావా?"

"లేదమ్మా."

"పురుగును చూసినావు. గట్టుకు ఈ పక్క ఏముండాదో చూడకపోతివే!"

అంతలో ఆదినారాయణప్ప ఆదరాబాదరాగా వచ్చాడు. "ఆ బిడ్డనేమీ అనొద్దు కెంపమ్మా. ఇరవై ఏండ్లుగా పక్క చేనోణ్ణి, నాకు తెలీదా? తప్పు నాది."

ముగ్గురూ కలిసి గుంత తవ్వి చచ్చిన పురుగులను పూడ్చారు. మట్టి కప్పుతున్నప్పుడు కెంపమ్మ ఏడ్చింది. అక్షతకు ఆమె వైపు చూసే ధైర్యం చాలలేదు.

పల్లెలో ఉండే గడువు ముగిసి అందరూ కళాశాలకు తిరిగి వెళ్లారు. కెంపమ్మ మళ్లీ పురుగులు తెచ్చిందని తెలిసినప్పటి నుంచి అక్షత మాత్రం రోజూ మొదటి బస్సెక్కి సాదలికి వచ్చి, ఆకు కోసి, షెడ్డు శుభ్రం చేసి, తరగతి వేళకు పరుగెత్తేది. సెలవు రోజుల్లో మందు తగ్గించడానికి ఆదినారాయణప్ప చేనులో టమాటా పురుగు జాతి మగ రెక్కపురుగులను ఆకర్షించే ఎర బుట్టలు కట్టించింది. గాలికి మందు ఇటు రాకుండా గట్టు వెంబడి ఆయన మూడు వరుసలు మొక్కజొన్న నాటాడు. మల్బరీ తోట వైపు సాళ్లకు మందే కొట్టలేదు.

ఆ పంట గూళ్లు కట్టింది. కెంపమ్మ ఆమెను శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు వెంటబెట్టుకుపోయింది. గూళ్లు కొనేవాడు "ఎవరీ పాప?" అంటే, "ఈ పంట ఈయమ్మదేనప్పా. నేను తోడుంటిని, అంతే" అంది.

అక్షత తల దించుకుంది. కెంపమ్మ రాశిలోంచి ఒక గూడు తీసి ఆమె చెవి దగ్గర మెల్లగా ఆడించింది. లోపల పురుగు ఎండు గింజలా గలగలమంది.

"ఇనిపిస్తాండాదా? బాగా పండిన గూడు ఇట్లే మోగుతాది."

అక్షత తలూపింది. కెంపమ్మ ఆ గూడును ఆమె చేతిలో పెట్టి, పిడికిలి మూసింది.