సంతాపం కింద సంతకం

మీరు రోజూ లిఫ్టు ఎక్కుతారు, మీట నొక్కుతారు, దిగిపోతారు. దాన్ని బాగుచేయడానికి ఇద్దరు మనుషులు కావాలని మీకు తెలియకపోవచ్చు. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడతాడు. రెండోవాడు పైన మోటారు గదిలో ఉంటాడు. కిందివాడు "పోనీ" అంటే పైవాడు "పోనిస్తున్నా" అని పలకాలి. ఆ బదులు వినబడనిదే ఏదీ కదలదు. ఈ కథలోని మెకానిక్కూ, అతని బావా పదకొండేళ్లు అలా ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని పనిచేశారు.

నిజానికి వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు, పిలుపు వరకే బావ. మెకానిక్ భార్య రోజూ ఇద్దరికీ రెండు క్యారియర్లు కట్టేది. బావ తనది ఖాళీ చేసి మెకానిక్ గిన్నెలోనూ చెయ్యి పెట్టేవాడు. తరువాత అతను మేనేజరై ప్రధాన కార్యాలయానికి వెళ్లిపోయాడు. ఫోన్లు తగ్గాయి, ఆపైన ఆగిపోయాయి.

కొన్నేళ్లకు మెకానిక్ భార్య జబ్బుచేసి పోయింది. మెకానిక్ సెలవు కోసం కంపెనీ యాప్‌లో "కారణం: భార్య మరణం" అని పెట్టాడు. నిమిషం తిరక్కుండా మేనేజరు సంతకంతో సంతాపం వచ్చింది. తీర్చిదిద్దిన తెలుగు. చివర ఈ వాక్యం: "వారిని కలిసే భాగ్యం నాకు కలగకపోయినా, వారి మంచితనం గురించి విన్నాను."

మెకానిక్‌కు ఒళ్లు మండిపోయింది. ఇది యంత్రం రాసిందని తెలియనంత అమాయకుడు కాదు. అయినా ఆమె చేతి కూడు పదకొండేళ్లు తిన్నవాడి పేరు దాని కింద ఉంది. ఏడవడం కూడా మానేసి పగ పట్టాడు.

నాలుగు నెలలకు మేనేజరు పదవీ విరమణ సభ వచ్చింది. పాతకాపు కదా అని మెకానిక్‌ను మాట్లాడమన్నారు.

"ఏం మాట్లాడతావు నాన్నా?" అంది కూతురు.

"మాట్లాడను, చదువుతా. ఫోన్‌లో యంత్రం చేత నువ్వే రాయించి పెట్టు. ఒక పెద్దాయన రిటైరవుతున్నాడని చెప్పు, చాలు."

"మావయ్య అని చెప్పొద్దా?"

"ఆ ముక్క అసలే చెప్పకు."

సభలో మెకానిక్ కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. పొగడ్తలు కుప్పలుగా ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వాక్యం మాత్రం అతను సొంతంగా చేర్చుకున్నది.

"మీతో కలిసి పనిచేసే భాగ్యం నాకు కలగకపోయినా, మీ మంచితనం గురించి విన్నాను."

పాత మెకానిక్కులు ముఖాలు చూసుకున్నారు. మేనేజరు ముఖం మాడిపోయింది. మెకానిక్‌కు కసి తీరలేదు. ఆ వాక్యం ఇంకోసారి, నింపాదిగా చదివాడు. అప్పుడు తీరింది.

"ఏంట్రా బావా ఇది?" మేనేజరు లేచి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పంపిందే. మా ఆవిడ పోయినప్పుడు."

మేనేజరు అతని భుజం పట్టుకున్నాడు. "చెల్లెమ్మ పోయిందా? ఎప్పుడు?"

మెకానిక్ ఫోన్ చేతికిచ్చాడు. మేనేజరు తన సంతాపాన్ని మొదటిసారి చదివాడు.

"ఇవన్నీ యాపే పంపేస్తుందిరా. నేను చూడను. నాకెవరూ చెప్పలేదు. నువ్వైనా ఒక ఫోన్ చేయొచ్చుగా."

"యాప్‌లో పెట్టాగా," అన్నాడు మెకానిక్. ఆ మాట తన చెవికే అదోలా తగిలింది; తనూ కబురు మనిషికి కాక యంత్రానికే చెప్పాడు. నాలుగు నెలలు నూరిన కత్తి సరిగ్గానే దిగింది. కానీ అది దిగినప్పుడు ఎందుకో అవతలివాడికి తెలియనే తెలియదు.

మేనేజరు మైకు అందుకున్నాడు. "నా పేరుతో మీకు వచ్చిన ఓదార్పులేవీ నేను రాయలేదు. కనీసం చదవలేదు. మీ ఇళ్లలో ఎవరు పోయారో కూడా నాకు తెలియదు. నన్ను పొగడకండి." హాలులో కొందరు తమ ఫోన్ల వైపు చూసుకున్నారు. ఒకామె లేచి బయటికి వెళ్లిపోయింది.

"ఇంటికి రానా బావా?" అన్నాడు మేనేజరు కళ్లు తుడుచుకుంటూ.

మెకానిక్ మెత్తబడలేదు. "రా. ఆవిడ ఎలా పోయిందో మొదటి నుంచీ చెప్తా. ఎంత కష్టంగా ఉన్నా కూర్చుని వినాలి. మధ్యలో లేస్తే ఊరుకోను."

శిక్ష న్యాయమైనదే. అందులో సగం తనకూ పడుతుందని మెకానిక్‌కు తెలుసు. మీ ఉత్తరాలు రాసే పని ఏ యంత్రానికైనా అప్పగించండి గానీ, మీ వాళ్లు ఉన్నారో పోయారో తెలుసుకునే పని మాత్రం దేనికీ అప్పగించకండి.